న్యాయ సలహా: ఊరు మునిగినప్పుడు ఇల్లు దోచితే ఏ కేసు పెట్టాలి?

వరదలు, తుపాన్లు, రోడ్డు ప్రమాదాలప్పుడు జరిగే చోరీల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలను ఈసారి ఒక్కచోట చేర్చాం. జవాబుల్లో వచ్చే సెక్షన్లు చాలావరకు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షల చట్టం), భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (కేసు, దర్యాప్తు నడిపే పద్ధతి చట్టం)లవి. న్యాయ సంహిత, సురక్షా సంహిత అని క్లుప్తంగా రాస్తున్నాం. బుడమేరు విజయవాడను ముంచెత్తింది సరిగ్గా ఆ తర్వాత రెండు నెలలకు కాబట్టి ఆ వరదనాటి నేరాలకు కొత్త చట్టమే వర్తిస్తుంది. 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ తుపాను లాంటి పాత ఘటనల కేసులు అప్పటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్లతోనే నడుస్తాయి.

ప్రశ్న: ఇంట్లోకి నడుము లోతు నీళ్లు రావడంతో ఐదు రోజులు మా అక్కావాళ్లింట్లో తలదాచుకున్నాం. తిరిగొచ్చి చూస్తే తాళం పగిలి ఉంది. గ్యాస్ బండ, మిక్సీ, అటక మీది ఇత్తడి బిందెలు లేవు. స్టేషన్‌కు వెళ్తే "పాత సామాన్లు, ఐదు వేలు కూడా చెయ్యవు, దీనికి కేసు కట్టలేం. అయినా నీళ్లలో కొట్టుకుపోయి ఉంటాయి" అన్నారు. మేం చేయగలిగింది ఏమీ లేదా? – ఒక గృహిణి, విజయవాడ

ఉంది. ముందు ఆ ఐదు వేల సంగతి చూద్దాం. అది న్యాయ సంహిత 303(2)లో ఉన్న మాట. మామూలు దొంగతనానికి ఆ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, దొంగకు అదే మొదటి శిక్ష అయి, సొత్తో దాని విలువో తిరిగిచ్చేస్తే సమాజ సేవ శిక్షగా వేస్తారు. ఈ చిన్న చోరీలను నాన్‌కాగ్నిజబుల్ పట్టికలో పెట్టారు. అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. మీకు స్టేషన్‌లో చెప్పిన మాటకు మూలం ఇదే.

మీ విషయంలో ఆ మాట చెల్లదు. మనుషులు కాపురముండే, లేదా సామాన్లు భద్రపరిచే కట్టడంలో జరిగిన దొంగతనం సెక్షన్ 305(ఎ) కిందికి వస్తుంది. శిక్ష 7 ఏళ్ల దాకా జైలు, జరిమానా. ఇక్కడ విలువ లెక్క లేదు. వంద రూపాయల గిన్నె పోయినా అదే సెక్షన్. పోలీసులు నేరుగా కేసు కట్టాల్సిన నేరం, నాన్‌బెయిలబుల్ కూడా. మీరు ఇంట్లో లేరు కాబట్టి సామాను అనాథ అయిపోదు. ప్రాణభయంతో వదిలి వెళ్లిన ఇల్లు మీ స్వాధీనంలోనే ఉన్నట్టు లెక్క.

తాళం పగలగొట్టారు కాబట్టి సెక్షన్ 331 కూడా పడాలి. దొంగతనం కోసం పగటిపూట ఇంటికి కన్నం వేసినా, తాళం విరిచినా 10 ఏళ్ల దాకా, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయం లోపు అయితే 14 ఏళ్ల దాకా జైలు శిక్ష వేయవచ్చు. ఒకవేళ వరదకు తలుపే కొట్టుకుపోయి, దొంగ తెరిచి ఉన్న ఇంట్లోకి నడిచొచ్చి ఉంటే 331 నిలబడదు. అప్పుడు దొంగతనం కోసం ఇంట్లో చొరబడినందుకు 332(సి) వర్తిస్తుంది, 7 ఏళ్ల దాకా. 305 మాత్రం రెండు సందర్భాల్లోనూ ఉంటుంది.

మన దేశ చట్టంలో లూటీ అనే పేరుతో విడిగా నేరం లేదు. విపత్తు సమయంలో చేశారు కాబట్టి శిక్ష ఇంతకు రెట్టింపు అనే సెక్షనూ లేదు. సొత్తు ఎక్కడుంది, తాళం ఉందా, పగలా రాత్రా, ఎంతమంది వచ్చారు, ఎవరినైనా బెదిరించారా అన్నవాటిని బట్టే 3 ఏళ్ల నేరం 14 ఏళ్లదో యావజ్జీవానిదో అవుతుంది. అందుకని ఫిర్యాదులో "మా ఇల్లు లూటీ చేశారు" అని ఒక్క ముక్కలో రాయొద్దు. ఇలా రాయండి: "ఫలానా తేదీన మధ్యాహ్నం ఫలానా గంటకు ముందు తలుపుకు తాళం వేసి వెళ్లాం. ఫలానా తేదీన ఉదయం వచ్చేసరికి తాళం విరిగి గడియకు వేలాడుతోంది. నీరు గోడ మీద మూడున్నర అడుగుల దాకా వచ్చిన గుర్తు ఉంది. అటక ఏడడుగుల ఎత్తులో ఉంది. దాని మీది బిందెలు లేవు."

ఆ చివరి రెండు వాక్యాలు చాలా ముఖ్యం. "కొట్టుకుపోయి ఉంటాయి" అన్న మాటకు జవాబు గోడ మీది నీటి గీతే. ఇల్లు కడిగే ముందే ఆ గీత పక్కన టేపు పెట్టి ఫోటో తీయండి. అటక, ఖాళీ అయిన స్టాండు, విరిగిన గడియ కూడా తీయండి. చాలామంది వచ్చీ రాగానే బురద కడిగేసి, పాత తాళం చెత్తలో పారేసి, కొత్త తాళం కొంటారు. బాధలో చేసే పనే, కానీ దాంతో సాక్ష్యం కాలవ పాలవుతుంది. తాళాన్ని చేత్తో తుడవకుండా కాగితంలో చుట్టి పోలీసులకు ఇవ్వండి. గ్యాస్ బుక్కు, మిక్సీ బిల్లు, బిందెల మీద చెక్కించిన పేరు, పండగ ఫోటోల్లో వెనకాల కనిపించే సామాను, ఇవన్నీ సొత్తు మీదేనని చూపే ఆధారాలే. ఫోన్ పోయి ఉంటే ఐఎంఈఐ నంబరుతో సీఈఐఆర్ (పోయిన ఫోన్లను పనిచేయకుండా చేసే ప్రభుత్వ వెబ్‌సైటు) పోర్టల్‌లో బ్లాక్ చేయించండి.

కేసు కట్టించే దారి సురక్షా సంహిత 173లో ఉంది. మీ స్టేషన్ నీళ్లలో ఉంటే బంధువుల ఊళ్లోని స్టేషన్‌లో ఇచ్చినా తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఈ-మెయిల్ లాంటి ఎలక్ట్రానిక్ మార్గంలోనూ పంపొచ్చు, కాకపోతే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. సంతకం మరిచిపోతే ఆ ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. "ముందు 14 రోజులు ప్రాథమిక విచారణ చేస్తాం" అంటే, ఆ వెసులుబాటు 3 ఏళ్లు, ఆపైన, 7 ఏళ్ల కంటే తక్కువ శిక్షపడే నేరాలకేనని గుర్తుచేయండి. 305కు గరిష్ఠ శిక్ష 7 ఏళ్లు కాబట్టి అందులోకి రాదు. అయినా తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో జిల్లా ఎస్పీకి, కమిషనరేట్‌లో అయితే కమిషనర్‌కు పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే ఆ రసీదు, అఫిడవిట్ జతచేసి మేజిస్ట్రేట్ కోర్టులో 175(3) కింద దరఖాస్తు వేయాలి. ఎస్పీకి పంపిన దశ దాటేసి నేరుగా కోర్టుకు వెళ్తే దరఖాస్తు తిరిగొచ్చే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ఇంటికి బీమా ఉంది. వరద నష్టం ఇస్తారు గానీ వరదలో జరిగిన చోరీకి ఇవ్వరని ఏజెంటు అంటున్నారు. – ఒక రిటైర్డ్ టీచర్, ఖమ్మం

పాలసీ పేరు చూడండి. పాత స్టాండర్డ్ ఫైర్ పాలసీల్లో వరద సమయంలో గానీ తర్వాత గానీ జరిగిన దొంగతనం మినహాయింపుల్లో ఉండేది. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ గృహ రక్షలో మాత్రం, వరద లాంటి బీమా ఉన్న ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు, దాని కారణంగానే జరిగిన చోరీకి రక్షణ ఉంది. ఎనిమిదో రోజు పోయిన సామాను ఇందులోకి రాదు. అందుకే ఎఫ్‌ఐఆర్‌లో చోరీ జరిగిన తేదీల హద్దు స్పష్టంగా ఉండాలి. "సుమారు రెండు వారాల కిందట" అని రాయిస్తే క్లెయిము అక్కడే దెబ్బతింటుంది. నగలకు విడిగా కవరు తీసుకుని ఉండాలి.

ప్రశ్న: హైవే మీద వంటనూనె లారీ బోల్తా పడితే ఊరంతా వెళ్లి ప్యాకెట్లు తెచ్చుకున్నారు. మా అబ్బాయికి 19 ఏళ్లు. వాడూ నాలుగు ప్యాకెట్లు తెచ్చాడు. ఎవరో తీసిన వీడియో చూసి పోలీసులు పేర్లు రాస్తున్నారట. పడిపోయిన సరుకు తీసుకుంటే నేరమా? – ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

నేరమే. రోడ్డు మీద ఒలికినంత మాత్రాన సరుకు ఊరి సొత్తు కాదు. సరుకు రవాణా చేసే వాహనంలోంచి దొంగతనం చేస్తే 305(సి), మళ్లీ 7 ఏళ్ల దాకా. లారీలోంచి కాకుండా రోడ్డు మీద పడ్డవి ఏరుకున్నాడని లాయరు వాదిస్తే 303(2)కు దిగొచ్చు. ఆ తేడా కోర్టులో తేలాల్సిందే. అందుకే ఆ వీడియోలో మీవాడు లారీ ఎక్కాడా, కింద నిలబడి ఏరాడా అన్నది ముఖ్యమైన సాక్ష్యం.

ఇంకా పెద్ద ప్రమాదం వేరే ఉంది. ఆ గుంపులో ఎవరైనా డ్రైవర్‌ను గానీ క్లీనర్‌ను గానీ నెట్టినా, పట్టుకుని ఆపినా, "నోర్మూసుకో" అని కర్ర ఎత్తినా దొంగతనం కాస్తా దోపిడీ అవుతుంది. సెక్షన్ 309, 10 ఏళ్ల దాకా కఠిన కారాగారం. హైవే మీద, చీకటి పడ్డాక అయితే 14 ఏళ్ల దాకా. ఆ దోపిడీలో ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే సెక్షన్ 310, అంటే బందిపోటు నేరం. శిక్ష యావజ్జీవం, లేదా 10 ఏళ్ల దాకా కఠిన కారాగారం. ఐదుగురి లెక్కలో చెయ్యి చేసుకున్నవాళ్లే కాదు, పక్కన ఉండి తోడ్పడ్డవాళ్లూ వస్తారు. బలప్రయోగం, బెదిరింపు లేకుండా వందమంది ఏరుకున్నా అది బందిపోటు కాదు. కానీ గుంపులో ముందు వరసలో ఏం జరుగుతోందో వెనకున్న కుర్రాడికి కనిపించదు. కేసు మాత్రం అందరి మీదా పడుతుంది.

ఇప్పుడు చేయాల్సింది: ప్యాకెట్లు వాడకండి, పక్కింటివాళ్లకు ఇచ్చెయ్యకండి, పారెయ్యకండి. దాచడానికి సాయం చేసినవారికి 317(5) కింద 3 ఏళ్ల దాకా శిక్ష ఉంది, అది మీకూ చుట్టుకుంటుంది. లాయరుతో కలిసి స్టేషన్‌కు వెళ్లి అప్పగించి, ఎన్ని ప్యాకెట్లు ఇచ్చారో రాతపూర్వకంగా రసీదు తీసుకోండి. అప్పగిస్తే కేసు రద్దు కాదు, బెయిలు దగ్గరా శిక్ష దగ్గరా ఉపయోగపడుతుంది. 7 ఏళ్ల లోపు, లేదా 7 ఏళ్ల దాకా శిక్షపడే నేరాల్లో వెంటనే అరెస్టు చేయకుండా సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇవ్వొచ్చు. నోటీసు వస్తే చెప్పిన రోజున తప్పకుండా వెళ్లాలి. చాలామంది భయపడి ఊరు వదిలిపోతారు, అప్పుడు ఆ నోటీసు రక్షణ పోయి అరెస్టుకు దారి పడుతుంది. నేరం రుజువైనా, 21 ఏళ్ల లోపు కుర్రాడికి 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం ఉంది. 305 లాంటి నేరానికి వాణ్ణి జైలుకే ఎందుకు పంపాల్సి వచ్చిందో జడ్జి కారణం రాయాలి. సత్ప్రవర్తన బాండు మీద వదిలే అవకాశం ఉంది. 310 కేసు అయితే ఈ దారి మూసుకుపోతుంది.

నిజాంసాగర్ కాలువ గట్టు మీదైనా నెల్లూరు హైవే మీదైనా, లారీ పడితే ముందు 108కి ఫోన్ చేసి డ్రైవర్‌ను బయటికి తీయండి. సాయపడ్డవాళ్లను వేధించకుండా మోటారు వాహనాల చట్టం 134ఎ రక్షిస్తుంది. చనిపోయిన మనిషి జేబులోంచి ఫోనో, ఉంగరమో తీస్తే న్యాయ సంహిత సెక్షన్ 315, 3 ఏళ్ల దాకా జైలు, జరిమానా. ఇక పెట్రోలు ట్యాంకరు అయితే దగ్గరికే వెళ్లొద్దు. పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ జిల్లాలో 2017 జూన్ 25న బోల్తా పడిన ట్యాంకరు చుట్టూ డబ్బాలతో చేరినవాళ్లలో 200 మందికి పైగా కాలిపోయి చనిపోయారు. గూడ్సు రైలు పట్టాలు తప్పి సరుకు పడితే 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం వర్తిస్తుంది. రైల్వే చేతిలో ఉన్న సరుకు అక్రమంగా మీ దగ్గర దొరికితే, ప్రత్యేక కారణాలుంటే తప్ప తొలి నేరానికే కనీసం ఏడాది జైలు.

ప్రశ్న: ముంపు కాలనీలో రాత్రి గస్తీ తిరుగుతున్నాం. దొంగ దొరికితే కట్టేసి నాలుగు తగిలించొచ్చా? విపత్తులో లూటీదార్లను కనిపిస్తే కాల్చెయ్యొచ్చని వాట్సాప్‌లో వస్తోంది. – కాలనీ యువకులు, విజయవాడ

గస్తీ తిరగండి, అది చాలా మంచి పని. కొట్టే హక్కు మాత్రం మీకు లేదు. కళ్లెదుట నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం చేస్తున్నవాణ్ణి సురక్షా సంహిత 40 కింద ఎవరైనా పట్టుకోవచ్చు. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. రాత్రంతా స్తంభానికి కట్టేసి తెల్లారి ఇస్తే మీ మీదే కేసు అవుతుంది. దొరికిన సమయం, చోటు, చేతిలో ఉన్న సామాను ఒక కాగితం మీద రాసి ఇద్దరు ముగ్గురు సంతకాలు పెట్టండి.

ఆస్తిని కాపాడుకోవడానికి బలం వాడే హక్కు న్యాయ సంహిత 34 నుంచి 43 దాకా ఉంది. అవసరమైనంతకు మించకూడదు. దొంగ సొత్తుతో పారిపోయాక, లేదా సొత్తు తిరిగి చేతికొచ్చాక, లేదా పోలీసులు అందాక ఆ హక్కు ముగుస్తుంది. పట్టుబడి చేతులు కట్టేసి ఉన్న మనిషిని కొట్టడం ఆత్మరక్షణ కాదు, అది విడి నేరం. దోపిడీ, రాత్రిపూట తాళం విరిచి చొరబడటం, ప్రాణానికి ముప్పుందని న్యాయంగా అనిపించే సందర్భం లాంటి కొన్నిటిలోనే హక్కు చాలా దూరం వెళ్తుంది. ఇళ్ల మధ్య బిందె పట్టుకుపోతున్నవాడి విషయంలో అది లేదు.

కాల్చెయ్యొచ్చన్న మాట పచ్చి అబద్ధం. లూటీదారును చూడగానే చంపే అధికారం ఏ చట్టమూ పోలీసులకైనా ఇవ్వలేదు. వరదప్పుడు కాలనీలోకి కొత్త మొహం వస్తే దొంగ అనుకోవడం సహజం. కానీ ఆ మొహం సహాయక బృందంలోని మనిషిదో, బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కూలీదో అయి ఉంటుంది. భాష, పుట్టిన చోటు, కులం లాంటి కారణంతో ఐదుగురు, అంతకు మించి కలిసి మనిషిని చంపితే 103(2), మరణశిక్ష లేదా యావజ్జీవం. తీవ్రంగా గాయపరిస్తే 117(4), 7 ఏళ్ల దాకా. "నేను ఒక్క దెబ్బే వేశాను" అంటే అక్కడ కుదరదు. ఆ వాట్సాప్ సందేశాన్ని ముందుకు పంపొద్దు. విపత్తు మీద భయాందోళన కలిగేలా తప్పుడు హెచ్చరికలు పంచితే విపత్తు నిర్వహణ చట్టం 2005లోని సెక్షన్ 54 ప్రకారం ఏడాది దాకా జైలు.

ప్రశ్న: వరదకు ఎవరిదో గ్యాస్ బండ, ఒక స్కూటరు మా పెరట్లోకి కొట్టుకొచ్చాయి. ఉంచుకుంటే తప్పా? – ఒక రైతు, ఏలూరు జిల్లా

భద్రంగా ఉంచి, యజమానికి ఇవ్వాలన్న ఉద్దేశంతో ఉంటే తప్పు కాదు. యజమాని ఎవరో తెలిసీ, తెలుసుకునే దారి ఉండీ, వాడేసుకుంటే సెక్షన్ 314. కనీసం 6 నెలలు, 2 ఏళ్ల దాకా జైలు, జరిమానా. స్కూటరుకు నంబరు ప్లేటు ఉంది కాబట్టి తెలుసుకునే దారి లేదనలేరు. ఫోటో తీసి స్టేషన్‌కు, లేదా సచివాలయానికి రాతలో చెప్పండి. బండను దగ్గరి గ్యాస్ ఏజెన్సీకి ఇవ్వండి, నీట మునిగిన బండను స్టౌకు తగిలించొద్దు.

ప్రశ్న: వరద బాధితుల కోసం వచ్చిన బియ్యం బస్తాలు మా వార్డులో కొందరు పక్కకు తరలించి అమ్ముకున్నారు. ఇదీ లూటీయే కదా? – ఒక పాఠకుడు, ఎన్టీఆర్ జిల్లా

మా దృష్టిలో ఇళ్లు పగలగొట్టడం కంటే ఇదే నీచం. విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 53 దీనికోసమే ఉంది, 2 ఏళ్ల దాకా జైలు, జరిమానా. అమ్మినవాళ్లు ప్రభుత్వ ఉద్యోగులైతే న్యాయ సంహిత 316(5), యావజ్జీవం లేదా 10 ఏళ్ల దాకా. శిక్షల తేడా చూడండి. పేరుకు విపత్తు చట్టం కదా అని 53 ఒక్కదాని మీదే ఆధారపడితే నష్టపోతారు.

ఇంకో చిక్కు ఉంది. 53 కింద కోర్టు కేసు తీసుకోవాలంటే ప్రభుత్వమో, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థో, అధికారం ఉన్న అధికారో ఫిర్యాదు చేయాలి. లేదంటే, సెక్షన్ 60 ప్రకారం మీరే వాళ్లకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి, ఆ తర్వాత కోర్టుకు వెళ్లాలి. నోటీసు ఇవ్వకుండా వెళ్తే కేసు గుమ్మంలోనే ఆగుతుంది. కాబట్టి ఒకే రోజు రెండు కాగితాలు కదిలించండి. పోలీసులకు 316 కింద ఫిర్యాదు ఒకటి, కలెక్టర్‌కు రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులో 60 కింద నోటీసు ఒకటి. బస్తా మీది ముద్ర, లారీ నంబరు, దించిన చోటు, కొన్న దుకాణం ఫోటోలు జతచేయండి. వాటిని దొంగ సొత్తని తెలిసో, తెలిసే వీలుండో కొన్న దుకాణదారు మీద 317(2), 3 ఏళ్ల దాకా.

ఇదే సందర్భంలో, మునగని ఇంటికి మునిగిందని రాయించి పరిహారం తీసుకున్నా విపత్తు చట్టం సెక్షన్ 52 కింద 2 ఏళ్ల దాకా శిక్ష ఉంది. ఇంటి ముందు నీటి గీత లేని ఫోటో పెట్టినవాళ్లు దొరికిపోతారు.

ప్రశ్న: మా అబ్బాయి హ్యూస్టన్‌లో చదువుతున్నాడు. తుపానుల సమయంలో అక్కడ చిన్న దొంగతనానికీ పెద్ద శిక్ష అంటున్నారు. – ఒక తల్లి, హైదరాబాద్

నిజమే. టెక్సస్ శిక్షా చట్టంలో 12.50 అనే సెక్షన్ ఉంది. గవర్నరో అధ్యక్షుడో విపత్తు ప్రాంతంగా ప్రకటించిన చోట దొంగతనం, ఇళ్లలో చొరబడటం, దోపిడీ లాంటి నేరాలు చేస్తే శిక్ష ఒక మెట్టు పైకి వెళ్తుంది. 'క్లాస్ ఎ' మిస్‌డిమీనర్ (చిన్న నేరాల్లో అన్నిటికంటే పై తరగతి) అయితే మెట్టు మారదు గానీ కనీసం 180 రోజుల నిర్బంధం. పక్కనే ఉన్న లూసియానాలో లూటీ విడి నేరం. అత్యవసర పరిస్థితిలో చేస్తే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 15 ఏళ్లు. కాలిఫోర్నియా శిక్షా చట్టం 463 కూడా అలాంటిదే.

విద్యార్థికి జైలు కంటే పెద్ద దెబ్బ వీసాకు తగులుతుంది. దొంగతనం శిక్ష, అది చిన్నదైనా, దేశం నుంచి పంపేయడానికి కారణం కావచ్చు. స్నేహితులతో కలిసి ఖాళీ దుకాణంలోకి నీళ్ల సీసాల కోసం వెళ్లినా వాడి పేరు కేసులోకి వస్తుంది. నీళ్లు, తిండి కావాలంటే 211కు ఫోన్ చేస్తే దగ్గరి షెల్టరు చెబుతారు. ఒకవేళ కేసంటూ పడితే, చిన్న జరిమానాతో పోతుందని నేరం ఒప్పుకునే కాగితం మీద సంతకం పెట్టేముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగమనండి.